అత్తగారి బీరువాలో లైబ్రరీ

శనివారం పొద్దున్న భద్రం వేసుకున్న ప్రణాళిక చాలా చిన్నది. పది గంటలకి లైబ్రరీ సర్వర్ తగలబడిపోయిందని అనుకోవాలి. ఒంటిగంటలోపు దాన్ని మళ్ళీ బతికించాలి. ఒకటిన్నరకి ఇంటికొచ్చి భోంచెయ్యాలి. మూడింట్లోనూ కష్టమైనది రెండోదేనని అతని నమ్మకం. మొదటిది ఉత్త అనుకోవడమే కదా అని దాని గురించి పెద్దగా ఆలోచించలేదు.

భద్రం అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. తొమ్మిదేళ్ళ కిందట ఊరి లైబ్రరీలో కార్డుల బీరువాలు తీసేసి కంప్యూటర్ పెట్టినప్పుడు దాన్ని చూసుకోవడానికి వచ్చిన మనిషతను. నలభై ఒక్క వేల పుస్తకాలు, ఆరువేల పైచిలుకు సభ్యులు, ఏ పుస్తకం ఎవరింట్లో ఉందన్న సంగతి, అన్నీ ఆ ఒక్క సర్వర్‌లోనే ఉంటాయి. "అది కాస్తా పాడైతేనో?" అని ఎవరడిగినా అతని జవాబు ఒక్కటే. "బ్యాకప్ ఉంది. భద్రం." అడిగిన ప్రతివాళ్ళకీ అదే చెప్పగా చెప్పగా చివరికి ఆ మాటే అతని పేరై కూర్చుంది.

బ్యాకప్ ఉన్నమాట నిజమే. ప్రతి శుక్రవారం సాయంత్రం సర్వర్‌లో ఉన్నదంతా అరచేతిలో పట్టేంత డిస్కులోకి నకలు తీస్తాడు. ఆ డిస్కు లైబ్రరీలోనే ఉంటే నిప్పంటుకున్నప్పుడు రెండూ కలిసే పోతాయి. అందుకని దాన్ని నాలుగు వీధుల అవతల అత్తగారింట్లో, ఆవిడ స్టీలు బీరువాలో దాస్తాడు. అత్తగారు ముప్ఫై మూడేళ్ళు లెక్కలు చెప్పి రిటైరైన టీచరు. ఊళ్ళో అంతకన్నా గట్టి బీరువాలు చాలా ఉన్నాయి గానీ అంతకన్నా గట్టి మనిషి లేదని అతని లెక్క.

అయితే ఆ నకలుని తిరిగి ఎక్కించి చూడటం మాత్రం తొమ్మిదేళ్ళలో ఒక్కసారీ జరగలేదు. చూడాలంటే రెండో మిషన్ కావాలి. లైబ్రరీ ఎప్పుడూ ఇవ్వలేదు. ఇవ్వనందుకు భద్రం పైకి విసుక్కునేవాడు, లోపల హమ్మయ్య అనుకునేవాడు. అసలు ఆ డిస్కులో ఏముంది? పుస్తకాలన్నీ ఉన్నాయా, సగమే ఉన్నాయా, ఏమీ లేవా? ఏ స్నానం చేస్తున్నప్పుడో ఈ ప్రశ్న గుర్తొస్తే సబ్బు చేతిలోనే ఉండిపోయేది.

"అంటే గొడుగు కొన్నారు. తొమ్మిదేళ్ళుగా మోస్తున్నారు. ఒక్కసారీ విప్పి చూడలేదు. అంతేనా?" అంది భార్య, తన మందుల షాపు తాళాల కోసం వెతుక్కుంటూ.

"విప్పడానికి వాన రావాలిగా. ఇవాళ వస్తుంది."

"చిల్లు పడి ఉంటే?"

భద్రం చొక్కా గుండీలు పెట్టుకున్నాడు. చిల్లు ఉంటే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. హెడ్డాఫీసు నుంచి తనిఖీ అధికారి రెండో మిషన్ వెంటబెట్టుకుని వచ్చాడు. ఒంటిగంటకల్లా రెండో మిషన్లో లైబ్రరీ మొత్తం కనిపిస్తే సరే. లేకపోతే సర్వర్‌నీ, దాంతోపాటు భద్రాన్నీ రైల్లో ఎనిమిది గంటల దూరంలో ఉన్న హెడ్డాఫీసుకి తరలిస్తారు. భార్య షాపు పెట్టి రెండేళ్ళే అయింది. దాన్ని వదిలి ఆవిడ రాలేదు. ఆవిడని వదిలి అతను ఉండలేడు. ఆ మాట పైకి అనడానికి మొహమాటపడి గొడుగు గురించి మాట్లాడుకున్నారు.

పదయ్యేసరికి అంతా సిద్ధంగా ఉంది. తనిఖీ అధికారి పొడుగ్గా, మాట ఖర్చుపెట్టని మనిషి. మెళ్ళో స్టాప్‌వాచీ వేలాడేసుకున్నాడు. భద్రం సర్వర్ కట్టేసి గదికి తాళం వేశాడు. అధికారి తలుపుకి అడ్డంగా కాగితం పట్టీ అంటించి, తాళంచెవి కవర్లో పెట్టి సీలు వేసి, కోటు లోపలి జేబులో పెట్టుకున్నాడు.

"గది కాలిపోయింది. తాళంచెవీ కాలిపోయింది. నా దగ్గర లేనట్టే లెక్క," అన్నాడు. స్టాప్‌వాచీ నొక్కాడు.

లైబ్రేరియన్ని అందరూ పెద్దమేడం అంటారు. రిటైరవడానికి ఏడాదిన్నర ఉంది. ఆవిడ చదువుకునే హాల్లో రెండో మిషన్ పక్కన కుర్చీ వేసుకు కూర్చుంది. "కానివ్వండి భద్రం. కార్డుల బీరువాలు నా చేత్తో తీయించాను. అది తప్పో ఒప్పో ఇవాళైనా తెలియాలి నాకు," అంది.

భద్రం అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, ఆ డిస్కు కావాలి. కాస్త తెచ్చిపెడతారా?"

"ఇవాళ శనివారం బాబూ."

"అవునండీ."

"శుక్రవారం మీరొక డిస్కు ఇస్తే నేనొకటి ఇస్తాను. ఇవాళ మీ చేతిలో ఏముంది?"

"ఏమీ లేదండీ. ఇది పరీక్ష."

"ఉండండి." బీరువా తలుపు కిర్రుమంది. కాగితం విప్పిన చప్పుడైంది. "మీరే రాసిచ్చారు. 'విపత్తు జరిగితే తప్ప, మార్పిడి లేకుండా ఈ డిస్కు ఎవరడిగినా ఇవ్వరాదు. నేనడిగినా ఇవ్వరాదు.' కింద మీ సంతకం, నా సంతకం. లైబ్రరీ తగలబడిందా?"

"లేదండీ. తగలబడిందని అనుకుంటున్నాం."

"మీరు అనుకుంటే నేనెలా ఇస్తాను? తగలబడితేనే ఇస్తాను."

తనిఖీ అధికారి స్టాప్‌వాచీ చూసి ఏదో రాసుకున్నాడు. పెద్దమేడం కళ్ళజోడు పైనుంచి చూస్తోంది. పది నిమిషాలు గడిచిపోయాయి. ఎనిమిది గంటల రైలు ప్రయాణం భద్రం కళ్ళముందు మెదిలింది. ఫోన్ నోటికి దగ్గరగా పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి, "సరే అత్తయ్యగారూ. తగలబడింది," అన్నాడు.

అవతల బీరువా తలుపు మళ్ళీ కిర్రుమంది. తర్వాత ఆవిడ గొంతు పూర్తిగా మారిపోయింది. "అయ్యో. మనుషులకేం కాలేదు కదా?"

"లేదండీ. అందరం బయటికొచ్చేశాం."

"పుస్తకాలు?"

ఒకసారి కాలాక సగంలో ఆపడం బాగుండదనిపించింది. "ఏమీ మిగల్లేదండీ," అన్నాడు.

"ఇంత జరిగితే మొదట పరీక్ష అంటారేమిటి బాబూ. కంగారులో ఉన్నట్టున్నారు. కూర్చుని మంచినీళ్ళు తాగండి. నేను బయల్దేరుతున్నా." ఫోన్ పెట్టేసింది.

అత్తగారు మాటంటే మాటే. కాకపోతే ఏ పనైనా వరసలో చేసే అలవాటు. బయల్దేరేముందు రెండు పనులు చేసింది. మొదటిది, ఫైర్ స్టేషన్‌కి ఫోన్. అక్కడి ఆఫీసరు ఆవిడ దగ్గరే చదువుకున్నాడు. ఆవిడ చెప్పిన జవాబుని ఒకసారి సరిచూద్దామన్న ఆలోచన బళ్ళో ఉన్నప్పుడూ అతనికి రాలేదు, ఇప్పుడూ రాలేదు. రెండోది, పాత విద్యార్థుల గ్రూపులో ఒక సందేశం. ఆ గ్రూపులో నాలుగు వందల పన్నెండు మంది ఉన్నారు. సందేశం ఇది: "మన లైబ్రరీ కాలిపోయింది. మనుషులు క్షేమం. ఉన్న పుస్తకాల్లోంచి కాలిపోయినవి తీసేస్తే మిగిలేవి మీ ఇళ్ళల్లో ఉన్నవే. వెంటనే తెచ్చి అప్పగించండి. గడువు దాటినవాళ్ళు సిగ్గుపడి ఆగిపోవద్దు. — మీ లెక్కల టీచరు."

పది ఇరవై అయిదుకి ఫైరింజన్ గంట వాయించుకుంటూ లైబ్రరీ గేటు లోపలికి వచ్చి ఆగింది.

తనిఖీ అధికారి కిటికీలోంచి చూసి మొదటిసారి కనుబొమలు ఎగరేశాడు. "ఫైర్ వాళ్ళని కూడా పిలిపించారా? ఇరవై రెండు శాఖలు చూశాను. ఇంత పక్కాగా ఎవరూ చెయ్యలేదు."

భద్రం నిజం చెబుదామనే నోరు తెరిచాడు. మెప్పు వినబడేసరికి ఆ నోరు అలాగే ఉండిపోయింది. ఈలోగా ఫైర్ ఆఫీసరూ, మరో నలుగురూ బూట్లు టకటకలాడించుకుంటూ లోపలికొచ్చేశారు.

"మంట ఎక్కడ?"

"సర్వర్ గదిలో. సరిగ్గా పది గంటలకి అంటుకుంది," అన్నాడు అధికారి, చేతిలోని కాగితం చూసి, చాలా స్పష్టంగా.

"పొగ లేదే."

"తలుపు మూసి ఉంది."

"తాళం?"

"కాలిపోయింది."

ఆఫీసరు తలుపు మీద చెయ్యి పెట్టి చూశాడు. వెచ్చగానే ఉంది. ఏసీ కట్టేసిన గది మరి. భద్రం అప్పటికి తేరుకుని, "ఆగండి, ఇది పరీక్షండీ, మంట లేదు," అంటూ అడ్డంపడ్డాడు. అప్పటికే గునపం తలుపుకీ గుమ్మానికీ మధ్య దిగింది. ఒక్క ఊపుకి తలుపుతోపాటు గుమ్మం కూడా ఊడివచ్చింది. ఆ గది ఒకప్పుడు పుస్తకాలు బైండు చేసేవాళ్ళు జిగురు కాచుకునే గది. వాళ్ళ నీళ్ళ పైపు ఇంకా గుమ్మాన్ని ఆనుకునే ఉంది. గుమ్మం ఊడినప్పుడు అదీ పుటుక్కున విరిగి, ఎదురుగా ఉన్న సర్వర్ మీదికి ధారగా నీళ్ళు చిమ్మడం మొదలెట్టింది.

నీళ్ళు కట్టించేసరికి నాలుగు నిమిషాలు పట్టింది. సర్వర్ లోంచి నీళ్ళు అన్ని పక్కలనుంచీ కారుతున్నాయి. ఆఫీసరు గది నాలుగు మూలలూ చూసి టోపీ తీశాడు. "మంట లేదే మరి. టీచరుగారు చెప్పారే," అన్నాడు.

భద్రం పెద్దమేడాన్ని పక్కకి పిలిచాడు. "మేడం, అత్తయ్యగారికి తగలబడిందని చెప్పింది నేనే. నిజం చెబితే డిస్కు ఇవ్వనన్నారు."

ఆవిడ అతని వైపు తిరిగింది. "తొమ్మిదేళ్ళుగా చూస్తున్నాను మిమ్మల్ని. మీరు అబద్ధమాడటం ఇదే మొదలా?"

"రెండోదండీ."

"మొదటిది?"

"భద్రం అనడం. ఆ డిస్కులో ఏముందో నేనెప్పుడూ చూడలేదు మేడం."

పెద్దమేడం చెంబుతో నీళ్ళు తోడి పోసినా ఖాళీ అయ్యేటట్టు లేని సర్వర్ వంక చూసింది. "అయితే ఇప్పుడు మనకేముంది?"

"మా అత్తయ్యగారున్నారు."

అత్తగారు ఉన్నమాటేగానీ వచ్చే జాడ లేదు. పదకొండైంది. ఫోన్ చేస్తే ఎత్తడంలేదు. భద్రం బయటికి పరిగెత్తి గేటు దగ్గరే ఆగిపోయాడు. గేటు నుంచి వీధి మలుపు దాకా మనుషులు వరసగా నిలబడి ఉన్నారు. ప్రతివాళ్ళ చేతుల్లోనూ పుస్తకాలు. ఒకాయన ఈత నేర్చుకునే పుస్తకం పట్టుకొచ్చాడు, పేజీలన్నీ నీళ్ళలో తడిసి ఎండి ఉబ్బిపోయి ఉన్నాయి. ఒకావిడ పక్కావిడతో, "పదకొండేళ్ళయిందండీ తీసుకుని. కొంప మారినప్పుడల్లా మాతోనే వచ్చింది. పాపం, ఇంక ఇదొక్కటే మిగిలిందిట," అంటోంది. భవనం నిక్షేపంగా ఎదురుగా కనిపిస్తూనే ఉంది. కానీ గేట్లో ఫైరింజన్ ఉంది, లోపల్నుంచి నీళ్ళు బయటికి పారుతున్నాయి. లెక్కల టీచరు చెప్పాక ఇంకెవరికీ అనుమానం రాలేదు.

భద్రం ఆ వరస పక్కనుంచే అత్తగారింటికి పరిగెత్తాడు. తాళం వేసి ఉంది. మళ్ళీ వెనక్కి పరిగెత్తాడు. దారిలో మందుల షాపుకి వెళ్ళి అడిగితే, భార్య కౌంటర్ మీంచి వంగి, "అమ్మ గంట కిందటే ఇటునుంచి వెళ్ళింది. ఏమండీ, లైబ్రరీ తగలబడిందటగా? అనుకోవడమే అన్నారు?" అంది.

"అనుకోవడం దాటిపోయింది," అంటూ పరిగెత్తాడు.

పన్నెండింటికి, మూడోసారి వరస పక్కనుంచి వెళుతుంటే, మధ్యలోంచి తెలిసిన గొంతు వినబడింది. "బాబూ, ఎండలో అలా పరిగెత్తకండి."

అత్తగారు. వరసలో డెబ్బై ఆరో మనిషి. చేతిసంచీ గుండెకి ఆనించుకుని, ముందు మనిషికీ తనకీ మధ్య జానెడు దూరం వదిలి, నిటారుగా నిలబడి ఉంది.

"మీరు వరసలో నిలబడ్డారేమిటండీ? ఫోన్ ఎత్తరేం?"

"వరసలో ఫోన్ మాట్లాడకూడదు. ముందు వచ్చినవాళ్ళని దాటిపోకూడదు. ఇంతకీ లైబ్రరీ నిలబడే ఉందే." ఆవిడ భవనం వైపు చూపుడువేలు చూపించింది. "తగలబడిందన్నారు."

భద్రం తలొంచుకున్నాడు. వరసలో ముందువాళ్ళూ వెనకవాళ్ళూ మాటలు ఆపి చెవులు రిక్కించారు. "అబద్ధం చెప్పానండీ. తప్పయింది."

"అయితే డిస్కు ఇవ్వను."

"తగలబడలేదుగానీ నిజంగానే పోయిందండీ. తడిసిపోయింది. సర్వర్ నిండా నీళ్ళు. మీ సంచీలో ఉన్నదే ఇంక మిగిలిన లైబ్రరీ."

"తడవడం మీరు రాసినదాంట్లో ఉందా?"

భద్రం జేబులోంచి తన ప్రతి తీశాడు. విప్పి ఆవిడ ముందు పట్టాడు. అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని, తన ప్రతితో పక్కపక్కన పెట్టి, వేలితో ఒక్కొక్క మాటే చదివింది. "విపత్తు అనగా నిప్పు, నీరు, దొంగతనం." వేలు 'నీరు' మీద ఆగింది. "ఉంది," అంది. సంచీలోంచి తువ్వాల్లో చుట్టిన డిస్కు తీసి, అతని చేత సంతకం పెట్టించుకుని అప్పుడు ఇచ్చింది. అతను తనని లోపలికి లాక్కుపోబోయినా వరస మాత్రం వదల్లేదు. "మీరు వెళ్ళండి. నాకూ ఇక్కడ పని ఉంది," అంది.

పన్నెండు ఇరవైకి డిస్కు రెండో మిషన్‌కి తగిలించాడు. తెర మీద సన్నటి గీత ఎడంపక్క మొదలై కుడిపక్కకి పాకడం మొదలెట్టింది. పెద్దమేడం కుర్చీ ముందుకి జరుపుకుంది. అధికారి వాచీ చూడటం మానేసి గీతనే చూస్తున్నాడు. ఫైర్ ఆఫీసరు వెళ్ళొచ్చు, అయినా వెళ్ళలేదు. వరసలోవాళ్ళు ఒక్కొక్కళ్ళే పుస్తకం బల్లమీద పెట్టి, ఏం జరుగుతోందో పక్కవాళ్ళని అడిగి తెలుసుకుని, వాళ్ళూ నిలబడిపోయారు. గీత సగం దాటి ఆగింది. యాభై మందీ మెడలు సాచారు. తొమ్మిదేళ్ళ ప్రశ్నకి జవాబు వచ్చేస్తోందని తెలిసి, భయపడవలసిన సమయంలో భద్రానికి తమాషాగా సరదా వేసింది. ఏదైతే అదవుతుంది, తెలిసిపోతుంది. గీత మళ్ళీ కదిలింది.

పన్నెండూ యాభైకి సభ్యుల జాబితా తెరుచుకుంది.

"ఇవి నిజమైన వివరాలేనని ఎలా తెలుస్తుంది?" అన్నాడు అధికారి. "ఏదైనా ఒక పేరు చూద్దాం. డిస్కు దాచినావిడది చూడండి."

సరిగ్గా అప్పుడే వరస జరిగి జరిగి అత్తగారు బల్ల ముందుకొచ్చింది. భద్రం ఆవిడ పేరు కొట్టాడు. తెర మీద ఒక డిటెక్టివ్ నవల పేరు వచ్చింది. తీసుకుని ఆరేళ్ళైంది. తిరిగి ఇవ్వలేదు.

భద్రం తెర మీది పేరు మళ్ళీ చదివాడు. అత్తగారు పుస్తకం అట్టేపెట్టుకోవడమా? వివరాలన్నీ తారుమారయ్యాయన్నమాట. "తప్పు చూపిస్తోందండీ," అన్నాడు నీరసంగా.

అత్తగారు సంచీలో చెయ్యి పెట్టి ఆ నవలే తీసి బల్లమీద పెట్టింది. "తప్పేం లేదు. ఒప్పే," అంది, ఎవరి మొహమూ చూడకుండా.

పెద్దమేడం పుస్తకం తిరగేసింది. నలభయ్యో పేజీ అంచున ఎర్ర సిరాతో, గుండ్రటి చేతిరాతతో, 'హంతకుడు వంటవాడే' అని రాసి, కింద రెండు గీతలు కొట్టి ఉంది. లైబ్రరీ పుస్తకంలో రాసినందుకు అక్కడున్న సగం మందిని బెంచీ ఎక్కించిన చెయ్యే అది. ఫైర్ ఆఫీసరు ఆతృత పట్టలేక వంగి ఆఖరి పేజీ చూశాడు.

"వంటవాడు కాదండీ టీచరుగారూ."

"రచయిత లెక్క తప్పాడు," అంది అత్తగారు.

అధికారి స్టాప్‌వాచీ ఆపాడు. ఒంటిగంటకి ఏడు నిమిషాలుంది. భద్రం అతని దగ్గరికెళ్ళి, ఫైరింజన్ తను పిలవలేదనీ, అంతా ఒక అబద్ధం వల్ల జరిగిందనీ చెప్పేశాడు. "తెలుసు," అన్నాడు అధికారి. "తలుపు పగలగొడుతున్నప్పుడు మీ మొహం చూశాను. అయినా పరీక్ష పరీక్షే." ఆ సాయంత్రానికి ఆరువందల పైచిలుకు పుస్తకాలు తిరిగొచ్చాయి. పోయాయనుకుని ఎప్పుడో జాబితాలోంచి కొట్టేసినవి వాటిలో నలభై దాకా ఉన్నాయి. పెద్దమేడం వాటిని ఒక్కొక్కటే తుడిచి అరల్లో పెడుతూ, మళ్ళీ పరీక్ష ఎప్పుడని రెండుసార్లు అడిగింది.

పదిరోజుల తర్వాత హెడ్డాఫీసు కవరు వచ్చింది. మీద 'బదిలీ' అన్న మాట చూసి భద్రం కుర్చీలో కూలబడ్డాడు. గెలిచినా తీసుకుపోతున్నారు. పెద్దమేడం చదువుతూ చదువుతూ ఆగి కవరు అతని చేతికిచ్చింది. మొత్తం ఏర్పాటులో పూర్తిగా నమ్మదగినది డిస్కు దాచిన మనిషి ఒక్కరేననీ, ఇరవై రెండు శాఖల్లోనూ డిస్కులు దాచేవాళ్ళకి శిక్షణ ఇవ్వడానికి ఆవిడని మూడు నెలలపాటు పంపవలసిందనీ అందులో ఉంది. బదిలీ ఆవిడకే, భద్రం యథాస్థానంలోనే ఉంటాడు. అతను ఆ కాగితం పట్టుకుని మందుల షాపుకి నడిచాడు. భార్య దాన్ని రెండుసార్లు చదివింది. కౌంటర్ కింద అతని చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆదివారం పొద్దున్న ఇద్దరూ అత్తగారిని రైలెక్కించారు. భద్రం కిటికీ దగ్గర నిలబడి, "అత్తయ్యగారూ, బీరువా తాళంచెవి ఇచ్చి వెళ్ళండి. శుక్రవారం డిస్కు మార్చాలి," అన్నాడు.

ఆవిడ సంచీలోంచి కాగితం తీసి పైనుంచి కింద దాకా చదివింది. "తాళంచెవి ఎవరికైనా ఇవ్వొచ్చని ఇందులో లేదు బాబూ," అంది. రైలు కదిలింది.

సోమవారం పెద్దమేడం బ్యాకప్ సంగతి అడిగితే భద్రం అన్న మాట, తొమ్మిదేళ్ళలో ఎన్నడూ లేనంత నిజం: అతను కూడా ముట్టుకోలేనంత భద్రం.